ఆర్‌ఎక్స్ 100: ఊపిరే బలమైన ఇంజను

పిస్టన్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ కదిలే దూరం (స్ట్రోకు) కూడా 50 మిల్లీమీటర్లే. లెక్క కడితే 98 సీసీ. 1985లో ఎస్కార్ట్స్ కంపెనీ జపాన్ యమహాతో కలిసి మన దేశంలో దింపిన ఆర్‌ఎక్స్ 100 ఇంజను కొలత ఇంతే. అదే ఏడాది వచ్చిన హీరో హోండా సీడీ 100 కొలత కూడా దాదాపు అంతే, 97 సీసీ. కానీ హోండా సుమారు ఏడున్నర హార్స్‌పవర్ ఇస్తే, యమహా 11 ఇచ్చింది. బండి బరువేమో వంద కిలోల చిల్లర. మర్రిగూడ నుంచి మాల్ వైపు, వెనుక ఇద్దరిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కేటప్పుడు ఆ మూడున్నర హార్స్‌పవర్ తేడా ఏమిటో తొడల కింద తెలిసేది.

అమెరికాలో 1964లో పాంటియాక్ వాళ్లు మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజను పెట్టి జీటీఓ అని అమ్మారు. మజిల్ కార్ల కాలానికి అదే నాంది. తేలిక ఒంటికి మించిన బలం ఇవ్వడం అందులోని కిటుకు. మన ఊళ్లలో ఆ స్థానం అలాంటి పెద్ద ఇంజను కార్లది కాదు, ఆర్‌ఎక్స్‌ది. ఆ కార్లలాగే దీన్నీ కంపెనీ ఇచ్చినట్టు ఉంచినవాళ్లు తక్కువ.

నా బండిని ఈ మధ్యనే అమ్మాను. ఇంట్లో దాన్ని నడిపేవాళ్లు ఇక లేరు. ఆర్‌ఎక్స్‌ది టూ స్ట్రోక్ ఇంజను, నడపకుండా నిలబెడితే లోపల తుప్పు పట్టి చస్తుంది. మార్పులు చేసిన బండిని అమ్మేవాడి మీద ఒక బాధ్యత ఉంటుందని నా నమ్మకం. ఏం మార్చామో చెప్పడం ఒక్కటే చాలదు, ఆ మార్పుకు బదులుగా ఏం పోయిందో కూడా చెప్పాలి. అది చెప్పాలంటే ఈ ఇంజను పుట్టుక దగ్గర నుంచి రావాలి.

ఆ హోండా లాంటి ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మంటే. ఆర్‌ఎక్స్ తన పూర్తి బలాన్ని ఇచ్చేది నిమిషానికి 7,500 చుట్ల దగ్గర. అంటే సెకనుకు 125 పేలుళ్లు. బలం రెట్టింపు కావాలి కదా అంటే, కాదు. పొగను బయటికి నెట్టడానికి ఒక స్ట్రోకు, కొత్త గాలిని పీల్చడానికి ఇంకో స్ట్రోకు విడిగా లేవు. రెండు పనులూ పిస్టన్ కిందికి దిగిన ఆ కాస్త సమయంలోనే, ఒకేసారి జరగాలి. టూ స్ట్రోక్ చరిత్ర మొత్తం ఈ ఊపిరి సమస్య చుట్టూనే తిరిగింది.

స్కాట్లండ్ ఇంజనీరు డుగాల్డ్ క్లర్క్ 1881లో పేటెంటు తీసుకున్న ఇంజనులో గాలిని నెట్టడానికి పక్కన ఇంకో సిలిండరు ఉండేది. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జోసెఫ్ డే 1891లో దాన్ని తీసేశాడు. పిస్టన్ కింద ఉన్న క్రాంక్‌కేసునే పంపుగా వాడుకున్నాడు. తర్వాత వచ్చిన చిన్న సవరణతో వాల్వులు కూడా పోయాయి. సిలిండరు గోడకు రంధ్రాలు (పోర్టులు), వాటిని మూసి తెరిచే తలుపు పిస్టనే. ఇంత తక్కువ భాగాలతో నడిచే పెట్రోలు ఇంజన్లు అరుదు. ఏ చెట్టు కింది షెడ్డులోనైనా దీన్ని విప్పి బిగించగలిగింది అందుకే. 1920లలో అడాల్ఫ్ ష్న్యూర్లే అనే జర్మన్, ఆ రంధ్రాలను ఏటవాలుగా కోసి, కొత్త గాలి వెనక గోడను తాకి పైకి లేచి పొగను ముందుకు తోసేలా చేశాడు.

ఆ పద్ధతితో జర్మనీలోని చోపావ్ అనే చిన్న ఊళ్లో డీకేడబ్ల్యూ కంపెనీ 1939లో ఆర్‌టీ 125 చేసింది. యుద్ధంలో జర్మనీ ఓడాక ఆ డిజైను గెలిచిన దేశాలకు పోయింది. బ్రిటన్‌లో బీఎస్‌ఏ బాంటమ్‌గా, అమెరికాలో హార్లే 125గా, సోవియట్‌లో మాస్క్వాగా మారింది. 1955లో పియానోల కంపెనీ యమహా తన మొదటి మోటారు సైకిలు వైఏ-1 చేసినప్పుడు ముందు పెట్టుకున్నదీ ఆ జర్మన్ బండినే. జపాన్ జనం దాన్ని ఎర్ర తూనీగ అన్నారు. మన ఆర్‌ఎక్స్ తాత అదే.

అసలు మలుపు మళ్లీ చోపావ్‌లోనే. ఇప్పుడది తూర్పు జర్మనీ, కంపెనీ పేరు ఎమ్‌జెడ్. డబ్బు లేని ఆ ఫ్యాక్టరీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు సైలెన్సర్ గొట్టాన్నే పంపుగా మార్చాడు. ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే పొగతో పాటు ఒక పీడన తరంగం గొట్టంలోకి దూకుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట అది వెనక్కి లాగుడును పంపి, సిలిండరులో మిగిలిన పొగను పీల్చేస్తుంది. తర్వాత గొట్టం సన్నబడే చోట తగిలి, మోటబావి గట్టున వేసిన కేకలా తిరిగొచ్చి, బయటికి జారబోతున్న కొత్త పెట్రోలు గాలిని మళ్లీ లోపలికి నెడుతుంది. అప్పుడే పిస్టన్ పోర్టును మూసేయాలి. 1961 నాటికి కాడెన్ 125 సీసీ నుంచి 25 హార్స్‌పవర్ రాబట్టాడు. ఆ సెప్టెంబరులో స్వీడన్ పోటీ ముగిశాక ఆయన రైడరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం విడిచి పారిపోయి, ఆ విద్యతో సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాదే 50 సీసీ ప్రపంచ టైటిలు సుజుకీకి దక్కింది. జపాన్ టూ స్ట్రోకులన్నింటికీ ఆ గొట్టం దారి చూపింది.

గొట్టం ఎంత పొడవుండాలి? 7,500 చుట్ల దగ్గర ఒక చుట్టుకు 8 మిల్లీ సెకన్లు. ఎగ్జాస్ట్ పోర్టు తెరిచి ఉండేది అందులో సగం, 4 మిల్లీ సెకన్లు అనుకుందాం. వేడి పొగలో ధ్వని వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు. 4 మిల్లీ సెకన్లలో తరంగం 2 మీటర్లు పోతుంది: పోను ఒక మీటరు, రాను ఒక మీటరు. ఇప్పుడు అదే ఇంజను 3,750 చుట్ల దగ్గర ఉందనుకోండి. పోర్టు 8 మిల్లీ సెకన్లు తెరిచి ఉంటుంది, తరంగం మాత్రం 4కే వచ్చేస్తుంది. సాయం చేయాల్సింది అడ్డం పడుతుంది. ఏ గొట్టమైనా ఒక వేగానికే చుట్టం. ఇంకో వేగం దగ్గర కుదరదు.

యమహా ఈ చిక్కును రెండు రకాలుగా సర్దింది. సైలెన్సర్‌ను మరీ పదునుగా కాకుండా మెత్తగా శ్రుతి చేసింది. కార్బొరేటరుకీ ఇంజనుకీ నడుమ రీడ్ వాల్వ్ పెట్టింది. క్రాంక్‌కేసు పీల్చినప్పుడే ఆ పల్చని రేకులు తెరుచుకుంటాయి, ఎదురు ఊదితే మూసుకుంటాయి. తక్కువ వేగంలో పెట్రోలు గాలి వెనక్కి తన్నదు. దాంతో ఆర్‌ఎక్స్ కింది వేగంలోనూ లాగేది. దాని గేర్లు నాలుగే. 1960ల చివర్లో 50 సీసీ పోటీ బండికి సుజుకీ 14 గేర్లు పెట్టిందంటే, పదును పెంచిన ఇంజనును ఆ ఒక్క వేగం దగ్గర నిలబెట్టడానికే. నాలుగు గేర్ల బండికి విశాలమైన బలం కావాలి. కంపెనీ ఇంజనీర్లు ఇచ్చింది అదే.

మనం షెడ్డులో చేయించేది సరిగ్గా దానికి ఎదురు. నా బండికి కాడెన్ తరహా చాంబర్ గొట్టం వేయించాను, ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచు ఆకురాయితో పైకి జరిపించాను, అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్ పడింది. అంటే 98 సీసీ 100 అయింది, అంతే. కొందరు ఆర్‌ఎక్స్ 135 బ్లాకే ఎక్కిస్తారు. దాని స్ట్రోకు కూడా 50 మిల్లీమీటర్లే, పిస్టన్ వ్యాసం 58. క్రాంక్‌కేసు నోరు లేత్ మీద పెద్దది చేయించాలి. నా మార్పులతో పై వేగంలో బండి ఎగిరిపోయింది. మూడో గేరులో ఆ గొంతు విన్నప్పటి సంబరం ఇంకే బండీ ఇవ్వలేదు. బదులుగా సంతలో, బురదలో, గొర్రెల మంద వెనక క్లచ్ పట్టుకుని రేజ్ చేస్తూ బతకాల్సి వచ్చింది. మైలేజీ పడిపోయింది. బ్రేకులు మాత్రం ముందూ వెనకా అవే డ్రమ్ములు.

కొనడానికి కల్వకుర్తి నుంచి వచ్చిన పిలగాడు స్టార్ట్ చేయకముందే అడిగాడు.

“అన్నా, స్టాక్ సైలెన్సర్ ఉందా?”

“ఉంది తమ్మీ. ఫిల్టర్ డబ్బా కూడా ఉంది. గోనెసంచిలో కట్టి పెట్టిన.”

“పోర్టింగ్ చేయించినవా?”

“ఎగ్జాస్ట్ ఒక్కటే. ఇన్‌లెట్ ముట్టలే.”

అతని ప్రశ్నల వరుస సరైనది. బోల్టు విప్పి పెట్టినదేదైనా మళ్లీ వెనక్కి వస్తుంది. ఆకురాయి తినేసిన లోహం రాదు. అల్యూమినియం బ్లాకులో ఉన్న కాస్ట్ ఐరన్ లైనర్‌ను మార్పించి, పోర్టులు మళ్లీ కోయించుకోవచ్చు గానీ, ఆ పనికి కొలత తెలిసిన లేత్ మనిషి దొరకాలి. అందుకే మార్పులు చేసిన బండికి నాలుగు రాళ్లు తగ్గుతాయి, సంచిలోని పాత సామానుకు పెరుగుతాయి. మంచి ఆర్‌ఎక్స్ ఈ రోజు లక్ష దాటి పోతోందంటే, ఆ లక్షలో ఎక్కువ పాలు ఎవరూ చెయ్యిపెట్టని ఇంజనుదే.

అతనికి ఇంకో మాట గట్టిగా చెప్పాను. ఫిల్టర్ డబ్బా బదులు వలగుడ్డ ఫిల్టరు పెట్టుకుని ఈ ప్రాంతంలో తిరగొద్దు. మన ఎర్రదుమ్ములో ఉండేది రాతి పొడి. టూ స్ట్రోక్‌లో పీల్చిన గాలి ముందు క్రాంక్‌కేసులోకే పోతుంది. ఆ పొడి బేరింగులను, రింగులను, లైనరును అన్నింటినీ ఒకేసారి అరగదీస్తుంది.

ఈ బండి తయారీ ఆగిపోవడానికి కారణం కూడా ఆ ఊపిరిలోనే ఉంది. కొత్త గాలి వచ్చే పోర్టూ, ఎగ్జాస్ట్ పోర్టూ ఒకేసారి తెరిచి ఉన్నప్పుడు కొత్త పెట్రోలు గాలిలో కొంత కాలకుండానే బయటికి జారుతుంది. కొన్ని వేగాల్లో నాలుగో వంతుకు పైనే. దానికి తోడు పెట్రోలుతో పాటు కాలే టూటీ ఆయిల్ పొగ. 1996 ఏప్రిల్‌లో కాలుష్య నిబంధనలు బిగిసే సమయానికి, ఆ మార్చిలోనే ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగింది. నేను దాన్ని ఎంత ప్రేమించినా, ఆ నిర్ణయం సరైనదే అంటాను. బండి వెనక నడిచే పిల్లల ఊపిరితిత్తులూ లెక్కలోకి రావాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. పదిహేనేళ్లు దాటిన బండిని రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు తనిఖీలో నిలబెట్టాలి. చాంబర్ గొట్టంతో అక్కడికి పోవడానికి లేదు. బయానా ఇచ్చిన రోజే పిలగాడు స్టాక్ సైలెన్సర్, ఫిల్టర్ డబ్బా బిగించుకున్నాడు. గొట్టం తీసుకోలేదు. ఫారం 29, 30 మీద సంతకాలు చేశాం. బదిలీ సమాచారం పద్నాలుగు రోజుల్లో ఆర్టీఓకు చేరాలి, ఇన్సూరెన్స్ కూడా అంతలోనే అతని పేరు మీదికి మారాలి. ఎగ్జాస్ట్ పోర్టుకు ఏం చేయాలన్నది అతనింకా తేల్చుకోలేదు. ముందు ఒక వేసవి నడిపి చూసి, లైనర్ సంగతి అప్పుడు ఆలోచిస్తానన్నాడు.