కిడ్నీలు చెప్పవు, మనమే అడగాలి



పొద్దున నింపి ఇచ్చిన వాటర్ బాటిల్ సాయంత్రం అలాగే నిండుగా ఇంటికి వస్తోందని పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది చెప్పారు. ఎందుకు తాగట్లేదని మా క్లాసులో అడిగాను. "తాగితే వాష్‌రూమ్‌కి వెళ్లాల్సి వస్తుంది టీచర్" అన్నారు. పీరియడ్ మధ్యలో చెయ్యెత్తితే "బెల్ కొట్టాక వెళ్దువుగానీ కూర్చో" అనేది మేమే. నేనూ అన్నాను. అందుకే ఈ నెల హెల్త్ పేజీ నేను రాస్తానని అడిగి మరీ తీసుకున్నాను.

వెన్నెముకకు అటూ ఇటూ పిడికిలంత సైజులో ఉంటాయి కిడ్నీలు. ఒక్కోదానిలో సుమారు 10 లక్షల సన్నని వడపోత గొట్టాలు ఉంటాయి. వాటినే నెఫ్రాన్లు అంటారు. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకట్టి, పనికొచ్చేదంతా మళ్లీ రక్తంలోకి పంపించి, లీటరున్నర దాకా మాత్రం మూత్రంగా బయటికి వదులుతాయి. పాడైపోయిన నెఫ్రాన్ స్థానంలో కొత్తది పుట్టదు. మిగిలినవి దాని పని కూడా నెత్తిన వేసుకుంటాయి. చిక్కంతా అక్కడే. సగం పని పోయినా మనిషికి ఏమీ తెలియదు. కిడ్నీ జబ్బంటే నడుము నొప్పి అనుకుంటాం గానీ ఆ నొప్పి ఎక్కువగా రాళ్లది. కిడ్నీలు మెల్లగా దెబ్బతినే జబ్బు చాలాకాలం నొప్పే పెట్టదు.

ఈ సంగతి నేను పుస్తకంలో కంటే ముందు హాస్టల్‌లో తెలుసుకున్నాను. బీఈడీ చదివేటప్పుడు నారాయణగూడలో నా రూమ్మేట్‌ది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు. ఉద్దానం అంటారు ఆ ప్రాంతాన్ని. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు, అన్నీ కొబ్బరి, జీడి, పనస తోటలే. వాళ్ల నాన్నగారికి సుగర్ లేదు, బీపీ లేదు, రోజూ తోట పని చేసుకునేవారు. ఊళ్లో క్యాంపు పెడితే పక్కింటివాళ్లకు తోడుగా వెళ్లి రక్తం ఇచ్చారట. క్రియాటినిన్ అప్పటికే 4 దాటింది. మామూలుగా పెద్దవాళ్లలో అది 1 దగ్గర్లో ఉండాలి.

ఉద్దానంలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. నీళ్లు, ఎండలో కష్టం, పురుగుమందులు అంటూ ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా, ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరుకు తోటల్లో కూడా ఇదే తీరు జబ్బు ఉంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో తాగునీరు తెచ్చే పథకమూ వచ్చింది. రావలసినవే, చాలా ఆలస్యంగా వచ్చాయి.

మన చిక్కడపల్లిలో, అశోక్‌నగర్‌లో కారణం అంత అంతుపట్టనిదేమీ కాదు. ఎక్కువగా సుగర్, బీపీ. ఆ తర్వాత చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే నొప్పి బిళ్లలు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలల తరబడి వేసుకుంటే కిడ్నీలకు దెబ్బ. మోకాళ్ల నొప్పులున్న నాన్నమ్మలు, అమ్మమ్మలు ఏం బిళ్ల వేసుకుంటున్నారో ఒకసారి అట్ట తిప్పి చూడండి. ఆవకాయ, అప్పడాలు మానమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అందులో పచ్చడి ఉప్పు కూడా లెక్కే.

సుగర్ గానీ బీపీ గానీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెండు పరీక్షలు చేయించుకోవాలి. ఒకటి రక్తంలో క్రియాటినిన్. రిపోర్టులో దాని కిందే ఈజీఎఫ్ఆర్ అని ఉంటుంది, అదీ చూడండి. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువ ఉంటే కిడ్నీ జబ్బు కిందే లెక్క. రెండోది మూత్రంలో ఆల్బుమిన్. సుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బు తరచుగా ముందు ఇక్కడే బయటపడుతుంది, క్రియాటినిన్ ఇంకా బాగానే ఉండగా. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, క్రియాటినిన్ పెరుగుతుంది. అందుకే ఒకటి చేయించి రెండోది వదిలేయకండి. ముషీరాబాద్ గాంధీ ఆసుపత్రి మనకు దగ్గరే. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు సుగర్ ఉంటే ఆమెకూ చెప్పండి.

ఇక పిల్లల సంగతి. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బి, మధ్యాహ్నానికి తగ్గిపోతుంటే నిద్ర చాలలేదేమో, ఎలర్జీయేమో అనుకుంటాం. రోజూ అలా ఉండి, మూత్రం నురగలా వస్తుంటే అది నెఫ్రోటిక్ సిండ్రోమ్ కావచ్చు. ఒక్క మూత్ర పరీక్షతో తెలిసిపోతుంది. చాలామంది పిల్లలకు మందులతో తగ్గుతుంది కూడా, మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి. మూత్రం ఎర్రగా లేదా టీ రంగులో వచ్చినా, మంటగా ఉందని చెప్పినా, జ్వరం ఏ కారణమూ తెలియకుండా మళ్లీ మళ్లీ వస్తున్నా ఆలస్యం వద్దు. గంటల తరబడి ఆపుకునే పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, మూత్రంలో ఇన్ఫెక్షన్లు ఎక్కువ. జ్వరంతో పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్లు కిడ్నీ మీద మచ్చలు మిగల్చవచ్చు.

అలాగని బలవంతంగా లీటర్లు లీటర్లు తాగించనక్కర్లేదు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోతున్నట్టే.

మా క్లాసులో ఈ నెల నుంచి వాష్‌రూమ్‌కి వెళ్లడానికి నన్ను అడగక్కర్లేదని చెప్పేశాను. తలుపు దగ్గర ఒక కార్డు వేలాడదీశాం, అది తీసుకుని వెళ్లి రావడమే. మొదటి వారం కొందరు కారిడార్లో షికారు చేశారు, ఇప్పుడు సర్దుకుంది. ఇంకా మీ బాబు, పాప బాటిల్ నిండుగానే తెస్తుంటే డైరీలో ఒక్క మాట రాయండి. బాత్రూమ్ శుభ్రంగా లేదని చెప్పినా సరే, అదీ రాయండి.