నోటినొప్పియు చల్లని లేసరును

చక్కెరవ్యాధి నోటిని కూడ విడువదు. నెత్తురులో చక్కెర హెచ్చినచో లాలాజలము తగ్గి నోరెండును. చిగుళ్లు వాచి నెత్తురు కారును. నాలుకపై తెల్లని బూజు పట్టును. నరములు చెడినవారికి పుండేమియు లేకయే నాలుక మండుచుండును. తోటపల్లి గూడూరు ప్రాంతపు పెద్దలు పలువురు బుగ్గన లవంగము నుంచుకొని యీ బాధ నోర్చుకొందురు. ఇట్టి నొప్పికి కొందరు దంతవైద్యులు వాడుచున్న స్వల్పశక్తి లేసరును గూర్చి కొంత వివరింపదలచితిమి.

ఒకే రంగు గల కాంతిని ఒకే దిక్కునకు కూర్చి పంపు సాధనమే లేసరు. 1960వ సంవత్సరమున అమెరికాలో మైమన్ అను శాస్త్రజ్ఞుడు కెంపుకడ్డీతో మొదటి లేసరును వెలిగించెను. 1967వ ప్రాంతమున బుడాపెస్టు నగరమందు ఎంద్రె మెస్టెరు అను వైద్యుడు, వెండ్రుకలు గొరిగిన చిట్టెలుకలపై బలహీనమైన లేసరును ప్రసరింపజేయగా, వానికి వెండ్రుకలు త్వరగా మొలిచెను. ఈ చికిత్సకు అదియే మొదలు. కండను కోయు లేసరు వేరు. ఇది సాధారణముగా అరవాటునకు లోబడి యుండును, కాల్చదు. అందుచేతనే దీనిని చల్లని లేసరందురు.

ఎర్రకాంతియు, దాని కావల కంటికి కనబడని కాంతియు పైపొరను దాటి కొంత లోనికి చొచ్చును. మన కణములలో ప్రాణవాయువుతో శక్తిని పుట్టించు మైటోకాండ్రియా లను సూక్ష్మాంగములు కలవు. అందలి మాంసకృత్తొకటి యీ కాంతిని గ్రహించుటచే ఏ.టి.పి. యను శక్తిపదార్థము హెచ్చుగా తయారగునని పెక్కురి యభిప్రాయము. ఆ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డునందు ఫిస్కెతో కలసి కనుగొన్నవారు మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారే! (అదే యేట జర్మనీలో లోమన్ కూడ దానిని వేరుగా కనుగొనెను.) వాపు తగ్గుటయు, నొప్పిని మోయు నరములు కొంత మందగించుటయు ఈ కాంతి ఫలితములని చెప్పుదురు.

క్యాన్సరు చికిత్స పొందువారి నోటిపూతకు దీని యుపయోగము చక్కగా స్థిరపడినది. మధుమేహుల విషయమున అంత నిశ్చయము లేదు. కొన్ని పరిశోధనలలో నొప్పి తగ్గినది; కాని యెంత కాంతి, ఎంతసేపు అను కొలతలు అందరివి నొకటిగా లేవు.

మాకు తోచిన భయ మొక్కటి. నొప్పి పోయినంతనే రోగము పోయెనని యింటివారు తలంతురేమో! లేసరు పంటిగారను తీయదు, చీమును తీయదు, చక్కెరను దించదు. చిగుళ్ల రోగము చక్కెరను పెంచును. పెరిగిన చక్కెర చిగుళ్లను మరింత చెరచును. గార తీయించి చిగుళ్లను బాగుచేసినచో చక్కెర కూడ కొంత దిగునని పరీక్షలలో తేలినది. కావున లేసరు ఆ పనికి తోడుగా నుండవలెనే గాని దానికి బదులు కారాదు. రెండు వారములైనను మానని పుండును పరీక్షింపక దానిపై ఏ కాంతినిగాని ప్రసరింపజేయరాదు.

ఇంట అవ్వగారు కారము తినలేక మజ్జిగన్నముతోనే సరిపెట్టుకొనుచున్నచో, బాలబాలికలు ఆ సంగతి తల్లిదండ్రులతో చెప్పవలెను. నెల్లూరి దంతవైద్య కళాశాలకు గాని, దగ్గరి దంతవైద్యునికడకు గాని పోవునపుడు మూడు నెలల చక్కెర పరీక్ష కాగితమును, వాడు మందుల చీటీని వెంట గొనిపోవలెను. లేసరు పెట్టునపుడు వైద్యుడును రోగియు కండ్లకు తగిన యద్దములు ధరింతురు. ఇయ్యకున్నచో అడిగి తీసికొనవలెను.