పాఠ్యం వేరు, బైట్లు వేరు: పైథాన్ 3 తెచ్చిన మార్పు

ప్రోగ్రామింగ్ భాషకు కొత్త వెర్షన్ వచ్చినా పాత ప్రోగ్రాములు యథాతథంగా నడవాలన్నది ఆ రంగంలో అందరూ ఆశించే మర్యాద. 2008 డిసెంబరు 3న విడుదలైన పైథాన్ 3.0 ఆ మర్యాదను ముందే చెప్పి మరీ పక్కన పెట్టింది. పైథాన్ 2లో రాసిన ప్రోగ్రాముల్లో చాలావాటిని మార్చి రాస్తే తప్ప అందులో నడపలేరు.

పైథాన్‌ను గైడో వాన్ రోసమ్ 1989 చివర్లో మొదలుపెట్టాడు. అప్పుడాయన ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాడు. 1991 ఫిబ్రవరిలో భాష బయటికి వచ్చింది. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంకేత పట్టిక ఇచ్చే యూనికోడ్ తొలి ప్రమాణం వెలువడింది ఆ తర్వాతే, అదే ఏడాది అక్టోబరులో. తొలినాటి నిర్ణయాల్లో కొన్ని కాలం గడిచేకొద్దీ ఇబ్బంది పెట్టాయి. పాత కోడ్ చెడుతుందన్న భయంతో ఏళ్ల తరబడి వాటిని ముట్టుకోలేదు. వాటన్నిటినీ ఒక్కసారే సరిదిద్దాలన్నదే పైథాన్ 3 ఉద్దేశం.

అందరి కంటా మొదట పడింది ప్రింట్. తెర మీద ఏదైనా చూపించే ఈ ఆదేశం పైథాన్ 2లో ప్రత్యేక వాక్యం. పైథాన్ 3లో అది మామూలు ఫంక్షన్ కాబట్టి బ్రాకెట్లు తప్పనిసరి. కొత్తగా నేర్చుకునేవారు రాసే మొదటి లైనే మారిపోవడంతో దీని గురించి గొడవ ఎక్కువైంది గానీ, నిజానికి ఇది చిన్న మార్పు.

భాగహారం సంగతి అలాంటిది కాదు. ఒక విద్యార్థికి రెండు పరీక్షల్లో 35, 40 మార్కులు వచ్చాయనుకుంటే, సగటు కోసం 75ను 2తో భాగించినప్పుడు పైథాన్ 2 ఇచ్చే జవాబు 37. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశ భాగాన్ని అది వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, అర మార్కు మాత్రం పోతుంది. పైథాన్ 3లో జవాబు 37.5. దశాంశం వద్దనుకునేవారు రెండు గీతల గుర్తు // వాడాలి.

పోలికల విషయంలోనూ పాత భాష చూసీచూడనట్టు పోయేది. ఓటరు నమోదు ఫారంలో వయసు గడిలో ఒకరు 5 అని టైపు చేస్తే ప్రోగ్రాముకు అందేది అంకె కాదు, 5 అనే అక్షరం. దాన్ని సంఖ్యగా మార్చడం మరచిపోయి, 18 కంటే ఎక్కువా అని అడిగితే పైథాన్ 2 అవుననేది. అక్షరాలు ఎప్పుడూ సంఖ్యల కంటే పెద్దవన్నది దాని లెక్క. ఐదేళ్ల పిల్లవాడు కూడా ఓటరైపోతాడు. పైథాన్ 3 ఈ రెంటినీ పోల్చనని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. తప్పు జవాబు ఇచ్చి ముందుకు సాగే ప్రోగ్రాము కంటే ఆగిపోయే ప్రోగ్రాము ఎంతో నయం. వాడుకరి టైపు చేసినదాన్ని కోడ్‌గా భావించి నడిపేసే పాత ఇన్‌పుట్ ఫంక్షన్ పద్ధతి కూడా ఈ వెర్షన్‌తోనే పోయింది. భద్రత దృష్ట్యా ఇది పెద్ద మేలు.

అయితే పైథాన్ 3కు ప్రాణం స్ట్రింగ్‌లలో, అంటే ప్రోగ్రాములోని పాఠ్యపు ముక్కల్లో జరిగిన మార్పు. కంప్యూటర్ దాచుకునేది బైట్లను, అంటే 0 నుంచి 255 వరకు ఉండే సంఖ్యలను. మనిషి చదివేది అక్షరాలను. పైథాన్ 2లో మామూలు స్ట్రింగ్ అంటే బైట్ల వరస. ఇంగ్లిష్‌లో ఒక అక్షరానికి ఒక బైటు సరిపోతుంది కాబట్టి ఈ రెంటికీ తేడా కనిపించేది కాదు. తెలుగులో వెంటనే బయటపడేది. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది. అందువల్ల ‘తెలుగు’ అనే మాట పొడవెంత అని పైథాన్ 2ను అడిగితే 18 అనేది. యూనికోడ్ స్ట్రింగ్ అనే మరో రకం విడిగా ఉండేది గానీ, రెంటినీ కలిపితే భాష తనంతట తానే మార్చబోయి, ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడే ఆస్కీ పట్టికలో లేని బైటు ఎదురవగానే చేతులెత్తేసేది. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించినంతసేపూ సజావుగా నడిచిన ప్రోగ్రాము, మొదటి తెలుగు పేరు రాగానే కుప్పకూలేది.

పైథాన్ 3లో స్ట్రింగ్ అంటే యూనికోడ్ పాఠ్యమే. బైట్లు వేరే రకం. ఒకదాన్ని మరొకదానిగా మార్చమని ప్రోగ్రామరే చెప్పాలి, చెప్పకుండా కలిపితే ఎర్రర్. ఇప్పుడు ‘తెలుగు’ పొడవు 6. చదివేవారికి కనిపించేవి మూడే అక్షరాలు కదా అంటే, యూనికోడ్‌లో హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు మరొకటి. మొదటి అక్షరం ఇమ్మంటే ‘తె’ రాదు, ‘త’ మాత్రమే వస్తుంది. ‘క్ష’ మూడు సంకేతాలు. కనిపించే అక్షరాన్ని ఒక ముక్కగా చూడాలంటే అదనపు లైబ్రరీలు కావాల్సిందే. ఈ కొరత పైథాన్ 3 తీర్చలేదు.

వేరియబుల్ పేర్లను తెలుగులో పెట్టుకునే వీలు కూడా పైథాన్ 3తోనే వచ్చింది. ‘మార్కులు = 35’ అని రాస్తే చక్కగా నడుస్తుంది. ఇఫ్, ఫర్ వంటి భాష సొంత పదాలు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉండాలి. ‘౪౨’ అనే తెలుగు అంకెల స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చమంటే 42 అని సరిగ్గా చెబుతుంది.

పాత కోడ్‌ను మార్చడానికి విడుదలతో పాటే 2టు3 అనే పనిముట్టు ఇచ్చారు. ప్రింట్‌కు బ్రాకెట్లు తగిలించడం వంటివి అది సులువుగా చేసేది. ఫలానా స్ట్రింగ్ పాఠ్యమా, బైట్లా అన్నది తేల్చడం మాత్రం దాని వల్ల కాదు. రాసినవారికే తెలియాలి, కొన్నిచోట్ల వారికీ గుర్తుండదు. పైగా ప్రతి ప్రోగ్రామూ నాలుగైదు లైబ్రరీల మీద ఆధారపడి ఉంటుంది. అవి మారేదాకా ఇది మారలేదు. లెక్కలకు వాడే నంపై 2010లోనే సిద్ధమైనా, వెబ్‌సైట్లకు వాడే జాంగో ప్రయోగాత్మకంగా అడుగు పెట్టింది 2013లో. రెండు వెర్షన్లలోనూ నడిచేలా కోడ్ రాయడానికి ‘సిక్స్’ అనే లైబ్రరీ పుట్టింది. రెండు మూళ్లు ఆరు కనుక ఆ పేరు. 2012లో వచ్చిన 3.3 వెర్షన్, యూనికోడ్ స్ట్రింగ్‌ల ముందు ‘యూ’ అక్షరం పెట్టే పాత రాతను మళ్లీ అనుమతించింది. వలసను ఈ చిన్న సడలింపు బాగా తేలిక చేసింది.

పైథాన్ 2లో చివరి వెర్షన్ అయిన 2.7కు మద్దతు 2015తో ఆపాలని మొదట అనుకున్నారు. అప్పటికి ఎక్కువమంది మారలేదని గ్రహించి 2020 దాకా పొడిగించారు. చివరి విడుదల 2.7.18 ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. పైథాన్ బృందం నుంచి దానికి భద్రతా సవరణలు కూడా ఇక రావు.

పన్నెండేళ్ల వలస ఎక్కువే. అయినా ఇంగ్లిష్ కాని భాషల వారికి ఈ మార్పు లేకుండా గడిచేది కాదు. ఇప్పుడు మార్పులు అలా ఒక్కసారే రావడం లేదు. 3.9 నుంచి పైథాన్ ఏడాదికొక వెర్షన్ చొప్పున, అక్టోబరులో వస్తోంది. ఏదైనా సదుపాయాన్ని తీసేయాలంటే మామూలుగా కనీసం రెండు వెర్షన్లలో ముందుగా హెచ్చరించి, ఆ తర్వాతే తొలగిస్తున్నారు.