పసికందు నోట్లో పూతా? తేనె రాయకండి!

పాలు తాగే బిడ్డ రొమ్ము పట్టి వదిలేస్తూ ఏడుస్తోందా? ఒకసారి నోట్లోకి చూడండి. బుగ్గల లోపల, చిగుళ్ల మీద, నాలుక మీద పెరుగు తరకల్లాంటి తెల్లటి మచ్చలుంటే అది నోటిపూత కావచ్చు. నెలల పిల్లల్లో ఇది మామూలే. సాధారణంగా తేలిగ్గా తగ్గిపోతుంది. ముప్పల్లా ఇంట్లో చేసే కొన్ని చిట్కాలతోనే.

పాల తెలుపా? పూతా?

శుభ్రమైన మెత్తటి తడిగుడ్డను వేలికి చుట్టి సుతారంగా తుడవండి. పాల తెలుపు ఎక్కువగా నాలుక మీదే ఉంటుంది, తేలిగ్గా పోతుంది. పూత ఒక పట్టాన రాదు. గట్టిగా రుద్దితే కింద ఎర్రబడి రక్తం వస్తుంది. రాకపోతే వదిలేయండి. అంగిలి మధ్యలో ఆవగింజల్లా తెల్లటి గట్టి పొక్కులు కనిపిస్తే కంగారొద్దు. చాలామంది శిశువులకు పుట్టుకతోనే ఉంటాయి, కొద్ది వారాల్లో వాటంతటవే పోతాయి.

ఎందుకొస్తుంది?

నోటిపూతకు కారణం క్యాండిడా అనే ఫంగస్. కాన్పు సమయంలో తల్లి నుంచి, తర్వాత చనుమొనలు, పాలసీసా పీకల నుంచి బిడ్డకు చేరుతుంది. తల్లిగానీ బిడ్డగానీ యాంటీబయాటిక్స్ వాడితే వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఇవి వద్దు

* తేనె: 'మేమంతా తేనె నాకి పెరిగినవాళ్లమే' అని పెద్దలు అనొచ్చు. కానీ ఏడాదిలోపు పిల్లలకు చుక్క కూడా వద్దు. తేనెలో కొన్నిసార్లు ఉండే ఒక బ్యాక్టీరియా పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం విడుదల చేస్తుంది. కండరాలు చచ్చుబడి, ఊపిరి అందని స్థితి రావొచ్చు.
* బోరాక్స్ కలిపిన గ్లిజరిన్: బోరాక్స్ కడుపులోకి వెళితే వాంతులు, ఫిట్స్ రావొచ్చు.

ఇద్దరికీ మందు

పిల్లల డాక్టరు ఫంగస్‌ను తగ్గించే చుక్కల మందు లేదా నోట్లో రాసే మందు ఇస్తారు. పాలు పట్టిన తర్వాత వేస్తే మందు నోట్లో కాసేపు నిలుస్తుంది. తెల్లదనం పోగానే ఆపేయకుండా, చెప్పినన్ని రోజులూ వాడండి. మీ చనుమొనలు ఎర్రబడినా, మంటగా ఉన్నా డాక్టరుకు చెప్పండి. ఒక్కరికే మందు వాడితే పూత మళ్లీ మళ్లీ వస్తుంది. తల్లిపాలు మాత్రం ఆపొద్దు. సీసా వాడుతుంటే పీకలను రోజూ నీళ్లలో మరిగించండి.

వెంటనే ఆసుపత్రికి..

మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకు మించి జ్వరమున్నా, పాలు తాగకపోయినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, నోట్లో లేదా ఒంటి మీద నీటి పొక్కులు లేచినా తెల్లారేదాకా ఆగొద్దు. నీటి పొక్కులు హెర్పిస్ వైరస్‌వి కావచ్చు. పుట్టిన తొలి వారాల్లో అది ప్రాణాంతకం. అందుకే పెదవి మీద పొక్కులున్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా, బిడ్డను ముద్దాడనివ్వకండి.