సోమవారం కడుపునొప్పి

పిల్లవాడికి బొడ్డు చుట్టూ నొప్పి. పొద్దున్న లేవగానే మొదలవుతుంది, బడివేళ దాటితే తగ్గుతుంది. ఆదివారం ఉండదు, సంక్రాంతి సెలవుల్లో అసలే ఉండదు. దిష్టి తీశారు, వాము కషాయం పట్టారు, నులిపురుగుల మందు వేశారు, అయినా సోమవారం మళ్ళీ మామూలే. "బడి ఎగ్గొట్టడానికి వేషాలండీ" అంటారు తండ్రిగారు. వేషాలు కావు. ఆ నొప్పి నిజమైనదే.

మీరు పరీక్షకు వెళ్ళేముందు కడుపులో తిప్పినట్టుండేది గుర్తుందా? భయం వేస్తే మెదడు నుంచి నరాల ద్వారా ఆ కబురు పేగులకు చేరుతుంది, పేగుల కదలిక మారిపోతుంది. ఆ భయం రోజూ ఉన్నవాడికి నొప్పీ రోజూ ఉంటుంది. 1958లో ఇంగ్లండులో డాక్టర్ జాన్ ఏప్లీ వెయ్యిమంది బడిపిల్లల్ని పరిశీలిస్తే, పదిమందిలో ఒకరికి ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చే కడుపునొప్పి కనిపించింది. వారిలో ఎక్కువమందికి శరీరంలో జబ్బేమీ దొరకలేదు. అయితే ఒక్క మాట. నిద్రలోంచి లేపే నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకేచోట నిలిచే నొప్పి, జ్వరం, వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం - వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరుకు చూపించండి. మిగతా సంగతులు ఆ తర్వాత.

ఇంతకీ ఏమిటా భయం? లెక్కల మాష్టారి బెత్తం కావచ్చు. చాలాసార్లు మాత్రం తోటిపిల్లలే. "నిన్నెవరైనా కొట్టారా?" అని అడిగితే లేదంటాడు. చెబితే పితూరీలు చెప్పేవాడని ఇంకో పేరు పెడతారని వాడి బెంగ. అందుకని, "మధ్యాహ్నం ఎవరితో కలిసి క్యారేజీ విప్పుతున్నావు? బెంచీ మీద నీ పక్కన ఎవరు?" అని అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు. ఆడపిల్లల్లో తరచు దెబ్బలుండవు, జట్టులోంచి వెలివేయడం ఉంటుంది. అది దెబ్బకంటే తక్కువేమీ కాదు.

2022లో అనకాపల్లి జిల్లాలో కలిసిన మా చోడవరంలో చుట్టుపక్కల పల్లెల పిల్లలు బస్సుల్లో, ఆటోల్లో బళ్ళకు వస్తారు. "ఏటి" అన్నాడని ఒకణ్ణి చూసి నవ్వుతారు. "ఏమిటి" అంటేనే నాగరికమట! ఈ ప్రాంతంలో ఆ నవ్వే పిల్లల తాతలు కూడా "ఏటి" అన్నవారే. తర్వాత చెప్పులు, ఒంటి రంగు, నత్తి, సోడాబుడ్డి కళ్ళద్దాలు, కులం. ఎక్కడ చూసినా ఇదే వరస.

ఏడిపించేవాడు లోలోపల పిరికివాడని మనం అనుకుంటాం. అన్నివేళలా అది నిజం కాదు. అమెరికాలో నార్త్ కరోలినా బడిపిల్లల మీద ఫారిస్, ఫెల్మ్లీ అనేవారు 2011లో ప్రచురించిన పరిశోధన చూడండి. పిల్లల్లో పలుకుబడి పెరిగేకొద్దీ తోటివారిని వేధించడమూ పెరిగింది. అందరికంటే పైమెట్టు మీద ఉన్న కొద్దిమందిలో మాత్రం తగ్గింది. అంటే మెట్లెక్కుతున్నవాడే కిందివాణ్ణి తంతున్నాడు. వాడికి కావలసింది చుట్టూ నిలబడి నవ్వేవాళ్ళు. అందుకే ఫిన్లాండులో తుర్కు విశ్వవిద్యాలయంవారు తయారుచేసిన పద్ధతిలో, చూస్తూ నిలబడే పిల్లలకే ఎక్కువగా పాఠం చెబుతారు. వాళ్ళు నవ్వడం మానేస్తే ఆట సగం ఆగిపోతుంది.

కనుక "నువ్వూ రెండు తగిలించు" అనకండి. బక్కపిల్లవాడు తగిలించలేడు సరికదా, ఇప్పుడు ఇంట్లో కూడా చేతకానివాడు అనిపించుకుంటాడు. ఆ రెండో పిల్లవాడి ఇంటిమీదకు దెబ్బలాటకు పోవద్దు. ఏ రోజు ఏం జరిగిందో కాగితం మీద రాసుకుని హెడ్మాస్టరుగారిని కలవండి. బెంచీ మార్చమనండి, ఒక మంచి పిల్లవాణ్ణి జతచేయమనండి. ఒక్క స్నేహితుడున్నా వేధింపు తగ్గుతుంది. ఆటో నడిపే అబ్బాయికి కూడా చెప్పండి, చాలా సంగతులు అందులోనే జరుగుతాయి. అయ్యవారే ఫీజు బాకీ అని క్లాసులో నిలబెట్టి అవమానిస్తుంటే, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించిందని గుర్తుచేయండి.

పిల్లవాడు "చచ్చిపోతే బాగుండును" అన్నాడా, కోపంలో అన్నాడులే అని తీసిపారేయకండి. ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. టెలి మానస్ 14416కు గానీ, పిల్లల సహాయానికి 1098కు గానీ డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు.

హెడ్మాస్టరుగారు పిలిచింది ఏడిపించేవాడి తల్లిదండ్రులుగా మిమ్మల్నే అయితే, "మావాడు అలాంటివాడు కాదండీ" అని అక్కడే తేల్చేయకండి. ఇంటికి వచ్చి వాణ్ణి కొట్టకండి కూడా. బలమున్నవాడిదే గెలుపని వాడికి ముందే తెలుసు.

ఇక మందు మాట. నొప్పి అన్న ప్రతి పూటా బడి మాన్పిస్తే తిరిగి వెళ్ళడం మరీ కష్టమవుతుంది. దెబ్బల ప్రమాదం లేకపోతే కాస్త ఆలస్యంగానైనా పంపండి, మొదటి వారం మీరే దిగబెట్టండి. గ్యాసు బిళ్ళలు, టానిక్కులు అక్కరలేదు. నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల బిళ్ళ బడిలోనే ఇస్తున్నారు, నొప్పి వచ్చినప్పుడల్లా మళ్ళీ వేయకండి.