సముద్రగర్భమున గజయీతగాండ్రు

కొండగట్టు క్రింది పల్లెలలో మోటబావులు నిండియున్న దినములలో, బొక్కెన నీట పడినచో మొదట పాతాళగరిగెను దింపెడివారు. దానికి చిక్కనిచో ఈతగానిని పిలిచెడివారు. బాల్యమున నేనును ఒకమాటు మునిగితిని. అడుగు చేరకమున్నే చెవులు పగులునట్లు నొచ్చుటచే వట్టిచేతులతో తేలితిని. నేటి విషయమంతయు ఆ నొప్పిలోనే యున్నది.

నీటికి బరువు కలదు. 33 అడుగులు దిగునప్పటికి, మన తలపైనున్న గాలి యొత్తిడి యెంతయో అంత యొత్తిడి మరల చేరును. 300 మీటర్ల లోతున అది 31 రెట్లగును. కావున మునిగినవానికి అంతటి యొత్తిడిగల గాలినే అందింపవలెను. ఆ గాలిలోని నత్రజని రక్తమున కరగును. అతడు త్వరపడి పైకి వచ్చెనా, సోడాబుడ్డి తెరచినప్పటివలె రక్తమున బుడగలు పుట్టి కీళ్లు పట్టును; పక్షవాతమును, మరణమును సంభవింపవచ్చును. దుర్యోధనుడు జలస్తంభనవిద్యచే మడుగున దాగెనని భారతమున వింటిమి. ఈ కాలపు విద్య దిగుటలో కాదు, పైకి వచ్చుటలో నున్నది.

యంత్రములుండగా మనుజు లేల యందురేమో. ఓడ యడుగున శత్రువు అంటించిన మందుపాతరను విప్పుటకును, కన్ను గానని బురదనీట వస్తువును తడిమి నిర్ణయించుటకును చేయి కావలెను.

1971 డిసెంబరు 3వ తేది అర్ధరాత్రి దాటిన పిదప విశాఖపట్టణపు తీరమున గొప్ప ప్రేలుడు వినబడెను. పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగినది. పైకి తేలిన తునకలవలన నిశ్చయము కలుగదు. నౌకాదళపు గజయీతగాండ్రు దిగి చూచిన పిమ్మటనే రూఢియైనది. ఆ వార్తను నేను పంచాయతీ రేడియోలో వింటిని. రాజపుత్ నౌక విడిచిన జలబాంబులచే మునిగెనని మనవారును, లోపలి ప్రేలుడుచేతనని ఆవలివారును చెప్పుదురు. అందలివారిలో ఒక్కరును బ్రతుకలేదు. శత్రువులదే యైనను, ఆ యినుపగోడను తడిమిన చేతులకు అది సమాధియే గదా!

ఆ కాలమున మన నౌకాదళమునకు నిస్తార్ అను రక్షణనౌక యుండి, 1989లో విరమించెను. అదే పేర విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన క్రొత్తయోడ 2025 జులై 18న దళమున చేరినది. నిస్తారమనగా దాటించుట. మునిగిన జలాంతర్గామిలో చిక్కినవారిని కాపాడుట దాని పని, పేరు తగియున్నది.

అందొక యినుపగది కలదు. గజయీతగాండ్రు ముందే ఆ గదిలో లోతునకు తగిన యొత్తిడికి అలవడి, గంటవంటి పేటికలో దిగి పనిచేసి, మరల దానికే వత్తురు. దినములకొలది తిండియు నిద్రయు అందే. వారు పీల్చునది ప్రాణవాయువుతో కలిపిన హీలియము. దానివలన భీమునివంటివాడు పలికినను చంటిబిడ్డ కంఠమువలె నుండును! పని ముగిసిన పిదప ప్రతి 100 అడుగులకు సుమారొక దినము చొప్పున ఒత్తిడిని తగ్గింతురు. 300 మీటర్లనుండి వచ్చినవానికి, ఓడ రేవు చేరినను, గోడ కావల భార్యాబిడ్డలు నిలిచియున్నను, పదిదినములు గడువనిదే తలుపు తెరువరు.