దూలంలో తుమ్మెద



మద్దికెరలో మా మిద్దె వసారాకు పాతకాలపు దూలం ఒకటుంది. ఎండలు ముదిరేసరికి దాని కింద సన్నని చెక్కపొట్టు రాలుతుంది. తలెత్తి చూస్తే, వేలు పట్టేంత గుండ్రని బెజ్జం! "తుమ్మెద దూలాన్ని తినేస్తోందే, కిరసనాయిలు పోసి గుడ్డ కుక్కు" అనేది మా అత్తమ్మ. నేనూ ఒక ఏడు అట్లాగే చేసినాను. ఆ సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

తుమ్మెద కట్టెను తినదు. దవడలతో తొలిచి పొట్టును బయట పారేస్తుంది. లోపల పుప్పొడిని మకరందంతో కలిపి ముద్ద చేసి, దానిమీద ఒక గుడ్డు పెట్టి, చెక్కపొట్టుతోనే గోడ కట్టేస్తుంది. మళ్ళీ ఇంకో ముద్ద, ఇంకో గుడ్డు, ఇంకో గోడ. పుట్టబోయే బిడ్డకు కావలసిన తిండంతా ముందే సర్ది పెట్టే తల్లి అది. పురుగుల లోకంలో అంత పెద్ద గుడ్డు పెట్టేవి అరుదు. అందుకే సంతానం తక్కువ. తేనెటీగల్లా వేలకొద్దీ పిల్లలు లేరు, పట్టూ లేదు. ఒక బెజ్జం మూస్తే ఒక సంసారం పోయినట్టే.

కుడుతుందని భయమా? మగదానికి ముల్లే లేదు. ఆడది, చేత పట్టుకొని నలిపితే తప్ప మన జోలికి రాదు.

దీనితో మనకేం పని అంటారేమో. వంగపూవును దగ్గరగా చూడండి. పుప్పొడి సంచులకు కొసన చిన్న రంధ్రాలే ఉంటాయి, ఊపితే గానీ పొడి రాలదు. తేనెటీగకు ఆ విద్య రాదు. తుమ్మెద పూవును కరచి పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే జుమ్మని ఒళ్ళంతా అదురుస్తుంది. పుప్పొడి దాని పొట్టమీద రాలుతుంది. వంగ, టమాటా తమంతట తామూ కాస్తాయి, కాదనను. ఈ అదురు తగిలితే కాపు మెరుగు, కాయలో గింజ నిండు. (రాలిన వంగపూవు కల్లా తుమ్మెద లేకపోవడమే కారణమనుకోకండి. కీలం పొట్టిగా ఉన్న పూలు ఎట్లాగూ నిలవవు.) పత్తికొండ మార్కెట్టుకు టమాటా పంపే మన వైపు అక్కలకు ఇది చెవిన వేయవలసిన మాటే.

కందిపూవు అడుగు రేకులు మూసుకొని ఉంటాయి. బరువైన ఈగ వాలితే అవి తెరుచుకుంటాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కృషితో 1991లో వచ్చిన తొలి సంకర కందికి విత్తనం కట్టించినవి, ఒక సాలు నుంచి ఇంకో సాలుకు పుప్పొడి మోసిన ఇటువంటి ఈగలే.

చేలలో పూత లేని ఎండాకాలంలో తుమ్మెదకు జిల్లేడు పెద్ద దిక్కు. గట్టుమీది జిల్లేళ్ళన్నీ నరికించకండి. మందు కొట్టక తప్పకపోతే, ఈగలు తిరగడం మానిన సాయంత్రం పూట కొట్టించండి. దూలం మీద దిగులుంటే రంగు వేయించండి. రంగు వేసిన కట్టెను తుమ్మెద అంతగా ఇష్టపడదు.

నేను వంగమడి పక్కన రెండు ఎండు మునగమొద్దులు పాతినాను. మొన్న ఒకదాని కింద పొట్టు కనబడింది.